పదకొండో తుపాకి

కోడి కూస్తే తెల్లారుతుంది. ఎన్నికల కోడ్ కూస్తే లైసెన్సు తుపాకులు ఠాణాకు చేరతాయి. రేగులగట్టు మండలంలో బతుకమ్మలు మొదలైన వారంలోనే పంచాయతీ ఎన్నికల కోడ్ కూసింది. మండలంలోని పదకొండు లైసెన్సు తుపాకులూ పోలీస్ స్టేషన్‌లో సొత్తు భద్రపరిచే గది మాల్‌ఖానాలో జమయ్యాయి. పదకొండు మందికీ రసీదులు ముట్టాయి. ఇక ఎన్నికలయ్యేదాకా ఇక్కడ మాటలు తప్ప తూటాలు పేలవని ఎస్సై శరత్‌చంద్ర పేపర్ల వాళ్లకు చెప్పాడు.

దసరా సాయంత్రం ఆరుంబావుకు, ఊరంతా జమ్మి దగ్గరున్న వేళ, రైతు మొండయ్య మక్కచేనులో, అదే ఊరి పర్శరాములు ఛాతీలోకి గుండ్లు దిగాయి.

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంట ఇరవైకి రామచంద్రం స్టేషన్ మెట్లెక్కాడు. ఇరవై ఆరేళ్లు పోలీసు ఆయుధాగారంలో తుపాకులు విప్పి, తుడిచి, బిగించి, యాభై నాలుగో ఏట తనంతట తాను నౌకరీ వదిలేసి, కరీంనగర్‌లో ఒక జిరాక్సు షాపు పైన డిటెక్టివ్ బోర్డు తగిలించుకున్న మనిషి. కింద కాపీలు తీస్తారు, పైన కూపీలు తీస్తాడు.

నాలుగింటికి మొండయ్యను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. హత్య కేసు. అంటే రామచంద్రం చేతిలో ఉన్నది రెండు గంటల నలభై నిమిషాలు.

మెట్ల మీద మొండయ్య భార్య కిష్టవ్వ కూర్చుని ఉంది. మస్కట్‌లో ఉన్న కొడుకు లక్ష్మణ్ ఫోన్లో బతిమాలితేనే రామచంద్రం ఈ కేసు పట్టాడు.

"సారూ, మా ఇంటాయన కోడిని కోసేటప్పుడే కండ్లు మూసుకుంటడు. మనిషిని సంపుతడా?"

"అవ్వా, ఏడ్వకుండ ఒక్క ముచ్చట చెప్పు. నిన్న చప్పుడు ఎన్నిసార్లు, ఎన్నిపాలు ఇన్నవు?"

"ఒక్కపాలే. కని గీ పది రోజుల్ల నాలుగైదుపాలు అడవి దిక్కుకెళ్లి ఇన్నం. అందరి తుపాకులు ఠాణాల పెట్టిచ్చిండ్రు గదా, మరి గా చప్పుడు యాడికెళ్లి వస్తున్నదని పర్శరాములే అడిగిండు. ఊకె అడుగుడు గాదు, సద్దుల బతుకమ్మ నాడు కలెక్టర్ ఆఫీసుల కాయితం గూడ పెట్టిండు."

ఆ కాగితం నకలు రామచంద్రం జేబులోనే ఉంది. 'మాల్‌ఖానా తెరిచి, జమ అయిన తుపాకులను అందరి ముందు లెక్కించగలరు' అని ఒకే ఒక్క కోరిక. కోరిన రెండోనాడే కోరినవాడు లెక్కలోంచి పోయాడు.

లాకప్పులో మొండయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"తుపాకి నీదేనా మొండయ్యా?"

"నాదే సారు. మా బాపుది. వెనుక కట్టె పలిగితే ఎర్ర సైకిల్ ట్యూబు సుట్టిన."

"నిన్న ఆరున్నర దాటినంక నీ మక్కచేన్ల దొరికిందని పంచనామా రాసిండ్రు."

పంచనామా అంటే ఐదుగురు కలిసి ఒకడికి నామం పెట్టడం అని రామచంద్రం నమ్మకం. సర్వీసులో ఉండగానే ఈ మాట అని రెండుసార్లు మెమో తిన్నాడు.

"చేన్ల ఎట్ల దొరుకుతది సారు? గది నేనే తెచ్చి గీ ఠాణాల ఇస్తినాయె!"

రామచంద్రం ఊచలకు దగ్గరగా జరిగాడు. "ఎప్పుడు?"

"ఆరు రోజులైంది. డప్పు సాటింపు జేసిండ్రు. నాటు తుపాకులు తెచ్చిస్తే కేసులుండయి అన్నరు. నిజమే అనుకొని తెచ్చిన. రైటర్ సంపత్ సారు ముంగటనే మూలకు ఆనించిపోయిన."

"రసీదు?"

"అడిగిన. లైసెన్సు ఉన్నోళ్లకే రసీదట. నీకు రసీదిస్తే నీకాడ తుపాకి ఉన్నట్టు లెక్క, ఉన్నట్టయితే నీ మీద కేసు, నీ మంచికే ఇస్తలేం అన్నరు."

"లైసెన్సుకు పెట్టుకోలేదా?"

"మూడుపాలు పెట్టిన. ఏటా ఎకరం మక్క పందుల పాలయితది సారు. గా పందులకు లైసెన్సు అక్కర్లే. నాకే కావాల్నట."

అదే ఊళ్లో దొర భూపాల్‌రావుకు పంట రక్షణ కోసమని లైసెన్సు ఉంది. లైసెన్సు దొరకు దొరికింది, మొండయ్యకు దొరకలేదు.

వెనుక నుంచి నవ్వు వినిపించింది. శరత్‌చంద్ర. పైవాళ్లకు 'ఎస్', కిందివాళ్లకు 'సై' అనే నికార్సయిన ఎస్సై. పదేళ్ల కింద శిక్షణలో తుపాకి విప్పడం నేర్పింది రామచంద్రమే.

"గురువుగారూ! దసరా పోయినా అలాయ్ బలాయ్ తీసుకోవచ్చు, రండి." కౌగిలించుకుని, చెవి దగ్గర మెల్లగా అన్నాడు. "మీరు ప్రైవేటు డిటెక్టివ్. నా స్టేషన్ల మీకు ప్రైవేటూ ఉండది, డిటెక్షనూ ఉండది. నాలుగింటికి రిమాండ్."

"నీది రిమాండ్, నాది ఒక చిన్న డిమాండ్." రామచంద్రం చొక్కా జేబులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టాడు. లోపల చిన్న తెల్ల గిన్నెలాంటిది, అంచులు చీలి పువ్వులా విచ్చుకుంది. "పొద్దున మక్కచేన్ల దొరికింది. పర్శరాములు పడ్డ జాగకు పదహారు అడుగుల దూరంల. ఏందిది, చెప్పు. నా క్లాసుల మంచి మార్కులే వచ్చినయి నీకు."

శరత్‌చంద్ర దాన్ని ముట్టుకోలేదు. "చెత్త."

"పన్నెండు బోరు తూటాల మందుకూ గుండ్లకూ నడుమ ఉండే గిన్నె. తూటా పేలితే ఇది గూడ బయటికి ఎగిరి కింద పడ్తది. మొండయ్యది నాటు తుపాకి. దానికి తూటానే ఉండది. గొట్టంల మందు పోసి, గుడ్డపేలిక కూరి, గుండ్లేసి దట్టిస్తరు. పర్శరాములును కొట్టింది లైసెన్సు తుపాకి."

"ఆ చేను పక్కన ఎవడెవడో పందులను కొడుతనే ఉంటడు. పాతదేమో."

"మొన్న వాన పడ్డది. దీనికి బురద చుక్క లేదు."

శరత్‌చంద్ర ముఖంలో నవ్వు అలాగే ఉంది కానీ, కళ్లు దానితో సంబంధం తెంచుకున్నాయి. "మండలంల లైసెన్సు తుపాకులు పదకొండు. పదకొండూ నా మాల్‌ఖానాల, నా తాళం కింద ఉన్నయి. ఇగ మీ గిన్నె మీరే ఉంచుకోండి, చాయ్ తాగడానికి పనికొస్తది."

అని ఫోను చెవికి పెట్టుకుని వరండాలోకి వెళ్లాడు. రెండు నిమిషాలు మాట్లాడాడు. ఎవరితోనో తెలియదు. మాట వినపడకుండా నోటికి చేయి అడ్డం పెట్టుకోవడం మాత్రం కిటికీలోంచి కనపడింది.

రెండు దాటాక భూపాల్‌రావు వచ్చాడు. అరవై ఎనిమిదేళ్లు, ఇస్త్రీ నలగని తెల్లచొక్కా. పొద్దున రామచంద్రం ఆయనకు ఫోన్ చేసి ఒకే మాట అన్నాడు: 'దొరా, పర్శరాములును కొట్టింది మీ తుపాకే అని ఊరంత అంటున్నది.' కబురు పెడితే రాని మనిషిని కోపం పెడితే రప్పించవచ్చు.

"ఏమయ్యా రామచంద్రం, ఎవడంటున్నడు?"

"అనుడు తర్వాత. పర్శరాములు పోయినేడు మీ లైసెన్సు రద్దు చెయ్యాల్నని అర్జీ పెట్టిండా?"

"పెట్టిండు. అర్జీలు పెట్టినోళ్లనందర్ని కాల్చుకుంట పోతె ఊర్లె నాకు రాం రాం చెప్పేటోడు ఎవడు మిగుల్తడు?"

"నిన్న ఆరుంబావుకు?"

"జమ్మికాడ. అందరు సూసిండ్రు."

"మీ తుపాకి?"

భూపాల్‌రావు పర్సు లోంచి నాలుగు మడతల రసీదు తీసి, బల్ల మీద పరిచి, అరచేత్తో సాపు చేశాడు. "కోడ్ వచ్చిన మర్నాడే ఇచ్చిన. ఈ కాయితం వాపస్ ఇస్తెనే తుపాకి వాపస్ ఇస్తరు. కాయితం నాకాడనే ఉన్నది, సూసుకో. మా తాత నాటి తుపాకి. దసరానాడు పూజకు లేకపాయె. ఒట్టి తోలుసంచికి బొట్టు పెట్టి మొక్కిన."

"పంట రక్షణకని లైసెన్సు తీసుకున్నరు. ఇప్పటిదాక ఎన్ని పందులను కొట్టిండ్రు?"

దొర రసీదు అంచును మళ్లీ సాపు చేశాడు.

"మీ ప్రహరీ దాటి పంది రాదు దొరా. అది మొండయ్య చేన్లకు పోతది. తుపాకి మీకాడ, పంది ఆయన కాడ. చట్టం ఆ రెంటినీ కలవనియ్యలే."

"ఏమంటవ్, అడిగినోనికల్లా తుపాకి ఇయ్యాల్నా? కల్లు దుకాణం కాడ మాటకు మాట పెరిగితే ఇప్పుడు సీసాలు పలుగుతున్నయి. అప్పుడు తలకాయలు పలుగుతయి."

"ఆ మాట నేనూ ఒప్పుకుంట. ఎవలకు ఇయ్యాల్నన్నది పెద్దలు తేల్చుకుంటరు. నాది చిన్న అనుమానం. ఇచ్చినయి యాడున్నయో ఎవలు సూస్తున్నరు? మీ తుపాకి మాల్‌ఖానాల ఉన్నదని మీకు కాయితం చెప్పింది. కన్ను చెప్పిందా?"

భూపాల్‌రావు రసీదును చూశాడు. తర్వాత ఎస్సైని చూశాడు. లేచాడు.

"శరత్‌చంద్రా, నా తుపాకి నేను సూడాలె. ఇప్పుడే."

మొండయ్య అడిగితే అది అడుక్కోవడం. రసీదున్న దొర అడిగితే అది హక్కు. శరత్‌చంద్ర ఒక క్షణం ఆలోచించి, "చూడండి సర్, మీదే గదా" అన్నాడు. మరీ తేలిగ్గా అన్నాడు. రామచంద్రానికి అదే నచ్చలేదు.

మాల్‌ఖానాలో మాల్ ఉంటుంది, అప్పుడప్పుడు ఖానా కూడా అయిపోతుంది. రెండూ నలభై అయిదుకు స్టేషన్ రైటర్ సంపత్ తాళం తీశాడు. వయసు ముప్పై లోపు, నుదుట నిలువు బొట్టు, చేతికి కొండగట్టు నుంచి తెచ్చిన కాషాయ దారం. తాళంచెవులు రెండు. ఒకటి సంపత్ దగ్గర, ఒకటి ఎస్సై దగ్గర.

"సంపత్, మొండయ్య ఆరు రోజుల కింద నీకు నాటు తుపాకి ఇచ్చిండా?" రామచంద్రం నడుస్తూనే అడిగాడు.

సంపత్ ఎస్సై బూట్ల వైపు చూశాడు. "యాదికి లేదు సార్."

గోడకు పదకొండు తుపాకులు వరుసగా ఆనించి ఉన్నాయి. ప్రతిదానికీ పేరూ నంబరూ రాసిన చీటీ. ఎదుటి అలమర మీద గుడ్డలో చుట్టి, లక్కముద్ర వేసిన పొడుగు మూట ఒకటి. అది మొండయ్య చేనులో 'దొరికిన' నాటు తుపాకి. ముద్ర పడ్డాక దాన్ని మేజిస్ట్రేటు ముందు తప్ప విప్పకూడదు.

"లెక్కపెట్టుకోండి గురువుగారూ. పదకొండు."

రామచంద్రం లెక్కపెట్టలేదు. వంగి, ఒక్కొక్క తుపాకి కట్టెనూ చూసుకుంటూ పోయాడు. మొదటిదానికి గంధం, మీద కుంకుమ బొట్టు. రెండోదానికి బొట్టు. మూడోదానికి, నాలుగోదానికి బొట్టు. అన్నిటి మీదా పలచగా దుమ్ము, దుమ్ము మీద బొట్టు. తొమ్మిదో దాని దగ్గర ఆగాడు.

భూపాల్‌రావు తుపాకి. దుమ్ము లేదు, బొట్టు లేదు. గొట్టం మీద కొత్త నూనె మెరుస్తోంది. వేలు తగలకుండా ముక్కు దగ్గర పెట్టాడు. నూనె కింద కాలిన మందు, ఇరవై ఆరేళ్లు పీల్చిన వాసన. పేలిన తుపాకిని తుడిచినవాడే ఇంత నూనె పోస్తాడు.

"సంపత్, ఈ బొట్లు ఎవలు పెట్టిండ్రు?"

ఈసారి సంపత్ ముఖం వెలిగింది. "నేనే సార్. నిన్న పొద్దున ఆయుధపూజ. మాల్‌ఖానాల ఉన్నయన్నీ ముందు హాల్లకు తెచ్చి, గోడకు పెట్టి చేసిన. ఎస్సై సార్ బందోబస్తు మీటింగుకు పొద్దుగాలనే పోయిండ్రు."

"అన్నిటికీ పెట్టినవా?"

"దేవుని పని సార్. ఒక్కటి గూడ ఇడువలే."

"మరి దీనికేది?"

సంపత్ చూశాడు. వంగి కట్టెను రెండో వైపు కూడా వెతికాడు.

"తుడుచుకుపోయింటది," అన్నాడు శరత్‌చంద్ర. "బొట్టే గదా, బుల్లెట్ కాదు గదా సార్."

"మిగిలిన పది తుపాకులకు పోనిది దీనికే పోయిందా? సూడు శరత్, నీ తాళం కింద ఉన్న తుపాకికి లోకంల అందరికన్న గట్టి సాక్ష్యం ఉంటది, అది ఠాణాల ఉండెనని. దాంతోని అడవిల దుప్పిని కొట్టినా, చేన్ల మనిషిని కొట్టినా ఎవడూ అడగడు. పర్శరాములు ఒక్కడే అడిగిండు."

"నిన్న ఆరుంబావుకు నేను దుర్గమ్మ నిమజ్జనం కాడ ఉన్న. రెండు వేల మంది సాక్ష్యం."

"నువ్వు పేల్చినవని నేనన్ననా? ఎవల చేతికిచ్చినవ్?"

బయట జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది. శరత్‌చంద్ర గొంతు పెంచాడు. "పూజ టైముకు అది ఇక్కడ లేదనడానికి రుజువేంది? బొట్టు లేకపోవుడా? కోర్టుల బొట్టు చూపిస్తరా?"

"బొట్టు గాదు, బొమ్మ చూపిస్త." రామచంద్రం ఫోను తీశాడు. "సంపత్ నిన్న పొద్దున తొమ్మిదీ పన్నెండుకు వాట్సాప్ స్టేటస్ పెట్టిండు. మొండయ్య కొడుకు లక్ష్మణ్, సంపత్ బడిల ఒక్కటే బెంచీ. మస్కట్‌లో చూసి దాచుకున్నడు, నాకు పంపిండు."

ఫొటోలో స్టేషన్ హాలు. గోడ మీద గాంధీ పటం, మెడలో పచ్చి బంతిపూల దండ. ఈసారి దసరా, గాంధీ జయంతి ఒకే రోజు పడ్డాయి. అహింసకు దండ, ఆయుధానికి దండం. పటం కింద వరుసగా తుపాకులు, ముందు కొబ్బరికాయ.

శరత్‌చంద్ర ఫోను లాక్కుని, వేలు పెట్టి గట్టిగా లెక్కపెట్టాడు. ఎనిమిది, తొమ్మిది, పది. పదకొండు. మళ్లీ లెక్కపెట్టి, ఈసారి కళ్లతో కూడా నవ్వాడు.

"పదకొండు! సర్, మీరూ చూడండి. పూజల పదకొండు, ఇప్పుడు పదకొండు. మీ తుపాకి గడప దాటలే. గురువుగారూ, గురి తప్పింది."

భూపాల్‌రావు లెక్కపెట్టి తలూపాడు. రామచంద్రం ఫోను తిరిగి తీసుకున్నాడు. పొద్దున్నుంచి ఈ ఫొటోను చిన్న తెరమీద చూసి, కళ్లజోడు మరిచిపోయి వచ్చి, పదే అనుకున్నాడు. చివరన ఉన్నది గోడ నీడేమో అనుకున్నాడు.

"దొరా, మీ కళ్లద్దాలు జర ఇయ్యుండ్రి."

అద్దాలు పెట్టుకుని, రెండు వేళ్లతో ఫొటోను పెద్దది చేశాడు. చివరిది నీడ కాదు. తుపాకే. సన్నగా, మిగతావాటికన్నా జానెడు పొడుగ్గా ఉంది. గొట్టం ఒకటే. వెనుక కట్టెకు ఎర్రగా ఏదో చుట్టి ఉంది. ఆ ఎరుపుకు బెత్తెడు కింద గంధం, గంధం మీద కుంకుమ.

ఎర్ర సైకిల్ ట్యూబు.

రామచంద్రం ఫోనును సంపత్ ముఖం ముందు పెట్టాడు. "మూలకు ఆనించి ఉన్నదాన్ని గూడ ఇడువలేదు గదా నువ్వు? రసీదు లేనిదానికి గూడ బొట్టు పెట్టినవ్."

"అదీ ఆయుధమే గదా సార్," అన్నాడు సంపత్. "ఒక్కదాన్ని ఇడిస్తె దోషమని..."

"ఇందుల లైసెన్సువి పదే. పదకొండోది మొండయ్యది. నిన్న సాయంత్రం చేన్ల నీకు దొరికిన తుపాకి, శరత్, నిన్న పొద్దున నీ ఠాణాల గాంధీ తాత కింద బొట్టు పెట్టించుకుంటున్నది. ఇక్కడ ఉండాల్సిన దొర తుపాకి ఇక్కడ లేదు. మసకచీకట్ల గుడ్డ సుట్టిచ్చినవ్, బొట్టు సూడలే. అది నాటు తుపాకి గాదు, నాటకపు తుపాకి. నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు మూట విప్పనియ్. బొట్టే మాట్లాడ్తది."

భూపాల్‌రావు ముఖం ఎర్రబడింది. "నా తుపాకితోని... సర్కారును నమ్మి ఇస్తే నా తుపాకితోనా?"

శరత్‌చంద్ర కోప్పడలేదు. టోపీ సర్దుకున్నాడు. "ఏ మూట సార్?"

రామచంద్రం వెనక్కి తిరిగాడు. ఎదుటి అలమర ఖాళీగా ఉంది. వాళ్లందరూ ఫొటో మీదికి వంగి తుపాకులు లెక్కపెడుతున్నంతసేపూ, వెనుక తలుపు తెరిచే ఉంది.

"నాలుగింటిదాకా ఎందుకని ముందే పంపిన. నిందితుడు, ఆయుధం, ఒకటే జీపుల." ఫోను మోగుతుంటే ఎత్తి, నోటికి చేయి అడ్డం పెట్టుకుని ఎస్సై వరండాలోకి నడిచాడు.

లాకప్పు తలుపు బార్లా తెరిచి ఉంది. మెట్ల మీంచి కిష్టవ్వ పరుగెత్తుకొచ్చింది. ఏడవడం లేదు. ఎటూ తేలక పరేషాన్‌గా ఉంది.

"సారూ, ఇడిసిపెట్టిండ్రా మా ఇంటాయనను? చేతులకు బేడీలు లేవు. పోంగ పోంగ నాకు చెయ్యి ఊపిండు. కని కోర్టు తొవ్వ ఎడమకు గదా? జీపు అడవి దిక్కు మళ్లింది."

రామచంద్రం మెట్ల వైపు ఉరికాడు.

వెనుక నుంచి సంపత్ చేయి పట్టుకుని లాగాడు. రైటర్ బల్ల మీది స్టేషన్ డైరీ తెరిచి, చివరి పంక్తి చూపించాడు. సిరా ఎప్పుడో ఆరిపోయింది.

"మధ్యాహ్నం మీరు రాకముందే రాయించిండ్రు సార్. ఎందుకని అడగలే నేను."

'3.40 గం.లకు నిందితుడు మొండయ్య, జప్తు చేసిన తుపాకితో సిబ్బందిపై కాల్పులు జరిపి అడవిలోకి పారిపోవుటకు ప్రయత్నించగా...'

పంక్తి అక్కడ ఆగింది. మిగతాది నింపడానికి జాగా వదిలారు.

భూపాల్‌రావు అద్దాలు లేకుండానే ఆ పంక్తి మీదికి వంగి, కూడబలుక్కుంటూ చదివాడు. కారు తాళంచెవి తీసి రామచంద్రం చేతిలో పెట్టి, తనే ముందు మెట్లు దిగాడు.

గోడ మీద గాంధీ పటం పక్కన గడియారం మూడూ పది చూపిస్తోంది. డైరీ ప్రకారం, మొండయ్య ఇంకా అరగంట బతికే ఉంటాడు.